వంపు దగ్గర చలి

ఇంజన్ నాలుగు నిమిషాలు నడిచి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

మేస్త్రీ ఉసూరుమన్నాడు.

కార్ల కార్ఖానాలో పరీక్షగదికి ఆయనే పెద్ద. థర్మామీటరు చెప్పందే దేన్నీ నమ్మడని అందరూ కొలత మేస్త్రీ అంటారు. రేపు పొద్దున చలిలో యజమాని ముందు కూడా ఇలాగే ఆగితే ఈ గదికి తాళమే.

"ఈ వంపు చల్లగా ఉందండీ."

మేస్త్రీ గిరుక్కున తిరిగాడు. పాత కోటు వేసుకున్న పెద్దాయనొకడు పెట్రోలునీ గాలినీ కలిపే కార్బ్యురేటర్ పైన గొట్టం వంపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఎవరండీ మీరు?"

"మీకోసమే వచ్చాను. ఇక్కడ పట్టుకు చూడండి, చెమట పట్టింది. పెట్రోలు ఆవిరి ఇక్కడే మళ్ళీ చుక్కలైపోతోంది."

"గొట్టానికి వేడి పెట్టాం. థర్మామీటరు బాగానే చూపిస్తోందిగా!"

"అది తిన్నగా ఉన్నచోట పెట్టారు. పొగగొట్టం వేడిని ఈ వంపుకి తగిలించండి, చాలు."

"తమరేం చేస్తుంటారో?"

"బట్టల కొట్టుందండీ."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "షావుకారుగారూ, ఇది గజంబద్దతో కొలిచే పని కాదు. దయచెయ్యండి."

పెద్దాయనకి కోపం రాలేదు. "మా పెరట్లో మీ కారే ఒకటుంది. ఏడాదిగా విప్పి చూస్తున్నా. ఇంకెవరికీ దారిలో ఆగకూడదని..."

"సరే సరే, మాకు పనుంది."

ఆయన నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

తర్వాత మూడుసార్లు తిప్పారు. మూడుసార్లూ ఆగింది.

ఎవరూ చూడకుండా మేస్త్రీ వంపు మీద చెయ్యి పెట్టాడు. జిల్లుమంది. సిగ్గేసింది కూడా.

పొగగొట్టం వేడిని అక్కడికి మళ్ళించాడు.

మర్నాడు చలిలో, యజమాని ముందు, ఇంజన్ గంటసేపు ఒక్కసారీ దగ్గలేదు.

మేస్త్రీ గేటు కాపలా తాత దగ్గరికి పరుగెత్తాడు. "తాతా, నిన్నటి షావుకారుగారేరీ?"

"నిన్ననే రైలెక్కేశారు బాబూ. మీకిమ్మని ఈ కాగితం ఇచ్చారు. నా మతిమరుపు మండ, అప్పుడే ఇవ్వాల్సింది."

కాగితం మీద పెన్సిలుతో గీసిన గొట్టం బొమ్మ. వేడి ఎక్కడెక్కడ తగలాలో గుర్తులు. ఎంత ఓపిగ్గా గీశాడో మహానుభావుడు!

మేస్త్రీ కాగితం వెనక్కి తిప్పాడు.

అది ఏడాది కిందట తాను సంతకం చేసి పంపిన జవాబే: "మీ భార్యను ఆసుపత్రికి తీసుకెళ్తుండగా చలికి కారు ఆగిపోయి, ఆమె దారిలోనే కన్నుమూశారని రాశారు. మా ఇంజన్‌లో ఏ లోపమూ లేదు, తప్పు నడిపినవారిదే."