కంచె బయటి కెమెరా

ఆ మనిషి మళ్ళీ వచ్చాడు.

మైదానం కంచె బయట చిన్న నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కెమెరా సర్దుకుంటున్నాడు. ముఖానికి మాస్కు, నెత్తిన ఉన్ని టోపీ. కళ్ళు తప్ప ఏమీ కనపడడం లేదు.

కారులో కూర్చున్న తేజేశ్వర్‌కు ఒళ్ళు మండింది.

ఐర్లండ్‌లోని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో పదిహేడేళ్ళలోపు ఆడపిల్లల ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ అది. కరోనా రోజులు కావడంతో తల్లిదండ్రులను కూడా లోపలికి రానివ్వడం లేదు. పిల్లల్ని దింపి కార్లలో కూర్చోవాల్సిందే.

"మూడు వారాల సంది చూస్తున్న నిఖిలా. వాడు మన సహస్రనే తీస్తున్నడు," అన్నాడు భార్యతో.

"నీకెట్ల తెల్సు?"

"బంతి ఎటు పోయినా కెమెరా మన పిల్ల దిక్కే ఉంటది."

"దిగి అడుగరాదు?"

"ఈ కరోనాల ఎవరి దగ్గరికని పోతం?"

అసలే అతను కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న రోజులవి. సహస్రకు స్కాలర్‌షిప్ ఇచ్చే ఆలోచనలో ఉంది అమెరికాలో ఒక కాలేజీ. ఇదివరకైతే అక్కడి కోచ్‌లు విమానమెక్కి వచ్చి ఆట చూసేవాళ్ళు. ఇప్పుడంతా వీడియోలే. తేజేశ్వర్ కారులోంచి ఫోన్‌తో తీసి, గోల్స్ మాత్రం ఏరి, పాట కలిపి పదకొండు వీడియోలు పంపాడు. ఒక్కదానికీ జవాబు లేదు. సహస్ర ఆడే స్థానానికి ఉన్నది ఒక్క సీటు. శుక్రవారం తేల్చేస్తారు.

అనుమానం పెనుభూతం అన్నారు. తేజేశ్వర్ గార్డులకు ఫోన్ చేశాడు. ఇక్కడ పోలీసులను అలాగే అంటారు.

మ్యాచ్ మొదలయ్యేలోపే ఒక గార్డు వచ్చింది. మాటలు కారులోకి వినిపిస్తూనే ఉన్నాయి.

"ప్రేక్షకులకు అనుమతి లేదు. వెళ్ళిపోవాలి."

"ఈ ఒక్క మ్యాచ్ ఉండనివ్వండి," అన్నాడాయన.

"కుదరదండీ."

ఆయన మైదానం వైపు ఒకసారి చూశాడు. వాదించలేదు. నిచ్చెన మడిచి వెళ్ళిపోయాడు.

"పీడ పోయింది," అన్నాడు తేజేశ్వర్.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. తొడ పట్టేసిందని కోచ్ సహస్రను ఆ రోజు ఆడించలేదు. తేజేశ్వర్ ఫోన్ జేబులో పెట్టేసి, మ్యాచ్ అయ్యేదాకా కార్ల మధ్య పచార్లు చేశాడు.

ఆ వారమే మళ్ళీ లాక్‌డౌన్ పెట్టారు. మ్యాచ్‌లు ఆగిపోయాయి.

శుక్రవారం కాలేజీ కోచ్ వీడియో కాల్ చేసింది. ముగ్గురూ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

"సహస్రను తీసుకుంటున్నాం," అందామె.

నిఖిల కళ్ళు తుడుచుకుంది.

"నా వీడియోలు నచ్చాయన్నమాట," అన్నాడు తేజేశ్వర్.

"గోల్స్ వీడియోలు మాకు రోజూ వందల్లో వస్తాయి. మేం చూసింది వేరే. రెండు మ్యాచ్‌లు, మొదటి నుంచి చివరిదాకా. బంతి పోయిన ప్రతిసారీ మీ అమ్మాయి వెనక్కి పరిగెత్తింది. అందుకే తీసుకున్నాం."

"ఎవరు పంపారు?"

"మీ జట్టులో ఒకమ్మాయి తండ్రి. ఏం రాశారో చదువుతాను వినండి."

ఆమె చదివింది.

"నా కూతురు క్లోడా ఆట తీద్దామని వెళ్ళాను. తనకింకా ఆడే అవకాశం రాలేదు. తను ఆడాల్సిన స్థానంలో ఆడుతున్న అమ్మాయినే తీశాను. ఈ పిల్లను మీరు చూడకపోతే అన్యాయం. ఆదివారం మా అమ్మాయిని ఆడిస్తారేమో. ఆ మ్యాచ్ కూడా పంపుతాను. ఇద్దర్నీ చూసి మీరే తేల్చండి."

తేజేశ్వర్ లాప్‌టాప్ దగ్గరికి జరిగాడు.

"ఆ మ్యాచ్ పంపారా?" అన్నాడు మెల్లగా.

"లేదు. రెండు రోజులు దానికోసం ఎదురుచూశాం," అంది కోచ్.

సిగ్గుతో అతను తలెత్తలేకపోయాడు. కాల్ ముగిశాక కూతురి వైపు తిరిగాడు.

"ఆదివారం నీ బదులు ఎవరు ఆడిన్రు బిడ్డా?"

తెలుగు అర్థమైనా సహస్ర జవాబు ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే చెబుతుంది.

"క్లోడానే డాడ్. మూడు గోల్స్ కొట్టింది. కొట్టిన ప్రతిసారీ వాళ్ళ నాన్న తీస్తున్నాడా అని కంచె వైపు చూసింది."