రక్తం పంచుకున్నవాళ్ళు

"మా రక్తం మేం ఇవ్వమండి. ఆయ్, ఇంక మీరు అడక్కండి" అనేశాడు తాతబ్బాయి.

డాక్టర్ ప్రసన్న కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అమలాపురంలో ఆవిడ వారానికోసారి వచ్చి కేన్సర్ రోగుల్ని చూసే చిన్న క్లినిక్ అది. పక్కగదిలో తాతబ్బాయి తమ్ముడు వీర్రాజు సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుని ఉన్నాడు. మూత్రంలో రక్తం పడితే మొదట వేడి చేసిందన్నారు, తరవాత రాయి అన్నారు, వాళ్ళ ఊరు కొత్తపేటలో ఇంటిల్లిపాదీ కలిసి అరటి దూట రసం తాగించారు. అసలు సంగతి తేలి కిడ్నీ తీసేసరికి రోగం కాలేయానికి పాకిపోయింది.

పొద్దున్నించీ మాట్లాడి మాట్లాడి ప్రసన్నకి గొంతు పోయింది. అయినా మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇది అందరికీ వచ్చే కిడ్నీ కేన్సర్ కాదండీ. చాలా అరుదు. వచ్చిందంటే ఒళ్ళంతా పరుగున పాకిపోతుంది. పైగా రక్తంలో తరతరాలుగా దిగుతుంది. మీరంతా ఒక తల్లి బిడ్డలు. మీలో ఎవరికుందో ఇప్పుడే తెలిస్తే, ఏటేటా స్కానింగ్ తీసి గింజంత ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. ముదిరాక వస్తే నేనేం చెయ్యలేను."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"ఉందని తెలిస్తే ఆ బెంగతోనే పోతానండి" అన్నాడు తాతబ్బాయి. "తెలీకపోతే నాలుగు రోజులు సుఖంగా బతుకుతాను కదండీ."

ఆఖరి తమ్ముడు మురళీమోహన్ బాధ ఇంకోటి. "నేను మళ్ళీ ఖతార్ వెళ్ళాలండి. మెడికల్‌లో అన్‌ఫిట్ అని కొట్టేస్తేనో?"

"వాళ్ళు ఈ పరీక్ష చెయ్యరు. నేనెవరికీ చెప్పను."

"మీరు చెప్పరండి. ఊరు చెప్పుద్ది."

గుమ్మంలో నిలబడి వింటున్న వీర్రాజు భార్య నాగదుర్గ లోపలికొచ్చింది. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో, కళ్ళు లోపలికి పోయాయి.

"నా పిల్లలిద్దరి రక్తం మొన్న నేను ఇప్పించలేదా? సూది చూసి చిన్నది నన్ను గట్టిగా పట్టేసుకుంది. అయినా ఇప్పించేను. పెద్ద మగాళ్ళు, మీకేం భయం?"

"నువ్వూరుకోవే. నీకు తెలీదు" అని కసిరాడు తాతబ్బాయి.

తమ్ముడి భార్యతో ఆ మాటతీరేమిటో అనుకుంది ప్రసన్న. కానీ ఇంకొకళ్ళ ఇంటి మర్యాదలు పట్టించుకునే ఓపిక ఆవిడకి ఎక్కడుంది?

"ఊరుకోను" అంది నాగదుర్గ. "ఆయన సంగతి నాకు తెలుసు. ఎవరూ దాచక్కర్లేదు. ఆయన వెనకాల మీరు కూడా ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోతే నేనెవరి గుమ్మం తొక్కాలి? మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇవ్వండి."

అన్నంత పనీ చేసి వంగబోయింది. తాతబ్బాయి గబుక్కున ఆమె భుజాలు పట్టి లేపాడు. తల తిప్పుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అన్నని చూసి మురళీమోహన్ కూడా మడిచాడు. నర్సు వచ్చి ఇద్దరి దగ్గరా రక్తం తీసుకుంది.

నాగదుర్గ కూడా గాజులు వెనక్కి తోసుకుని చెయ్యి చాపింది. "నాకూ తీసెయ్యండి, ఓ పనైపోద్ది."

ప్రసన్న ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "మీకెందుకండీ? భార్యకి అక్కర్లేదు. మీది వేరే రక్తం. ఈ పాడు జబ్బు మీ దగ్గరికి రాదు."

"నిజమేనాండీ? పిల్లలకి నేను మిగుల్తానాండీ?"

"మిగుల్తారు. నాదీ పూచీ. వెళ్ళి కాసేపు నడుం వాల్చండి."

నాగదుర్గ ఏడుస్తూనే నవ్వింది. పక్కగదిలోకి వెళ్ళి, మొగుడి మంచం పక్కన కింద చాప మీద ఒరిగి, ఒరగ్గానే నిద్రపోయింది. ప్రసన్నకి ప్రాణం తేలికపడింది. ఈ ఉద్యోగంలో చెప్పేవన్నీ చెడ్డకబుర్లే. ఎన్నాళ్ళకో ఒక మంచిమాట నోటితో అనగలిగింది.

ఇంక ఒకటే మిగిలింది.

"మీ ఇంట్లో ఆడవాళ్ళ సంగతి కూడా చూడాలండీ. వాళ్ళకిది ముందు గర్భసంచిలో గడ్డల్లా కనిపిస్తుంది. మీకు అక్కచెల్లెళ్ళున్నారా?"

"ఒక్కతే అక్కండి. సీతారత్నం. పోయింది."

"ఎలా పోయారు?"

"గడ్డలనే గర్భసంచి తీయించేసేరండి. తరవాత నడుంనొప్పి అనేది. మూత్రంలో రక్తం పడేది. చూస్తుండగానే ఎండిపోయి..." వీర్రాజు పడ్డ బాధే తన అక్క కూడా పడిందని తాతబ్బాయికి ఇప్పుడు తట్టింది.

ప్రసన్న కుర్చీలో ముందుకి జరిగింది. "ఆవిడకి పిల్లలున్నారా?"

"ఒక్కతే కూతురండి."

"అయితే అందరికంటే ముందు ఆ అమ్మాయికే చెయ్యాలి. ఏ దేశంలో ఉన్నా సరే, ఇవాళే కబురు పెట్టండి."

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాతబ్బాయి తల తిప్పి, తెరిచి ఉన్న తలుపులోంచి పక్కగదిలోకి చూశాడు.

"కబురెందుకండీ" అన్నాడు మెల్లగా. "మా వీర్రాజుకే ఇచ్చి చేసేమండి."