గోడమీది డాక్టరు

అప్పటికి ప్రతి ఇంటి గోడకూ ఒక డాక్టరు యంత్రం ఉండేది. పైడమ్మ మొగుడు సింహాచలానికి ఆయాసం ఎక్కువైతే, అది ఊపిరితిత్తుల్లో రక్తపోటని చెప్పి, చేతికి పట్టీ బిగించి మందెక్కించింది. కాసేపటికే అతని నోట్లోంచి ఎర్రటి నురగ పొంగింది.

“ఆపెయ్యే! సచ్చిపోతన్నాడు!” అని పైడమ్మ అరిచింది.

“ఊపిరి తగ్గింది. మందు పెంచుతున్నాను” అంది యంత్రం.

పైడమ్మ రోకలెత్తి బాదింది. దాని అద్దం పగిలి ముంజేతులు చీరుకుపోయినా, పట్టీ ఊడిపడేదాకా ఆగలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చూసింది. “ఇది అరుదైన రకం. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరలే మూసుకుపోయాయి. ఆ మందు పడితే ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. నువ్వు ఆపబట్టే బతికాడు. ఇక కొత్త ఊపిరితిత్తులు అమర్చాల్సిందే. మా యంత్రం చక్కగా కోస్తుంది.”

పైడమ్మ కట్లు కట్టిన చేతులతో ఆవిడ చేతులు గట్టిగా పట్టుకుంది.

“మీరే కొయ్యండమ్మా” అంది.