చీలిన బండ దగ్గర ఎడమకి

వంతెన కొట్టుకుపోయిన వరదకి మరుసటి ఏడు. "ఈ పుస్తకం రాసింది మీరేనా?" అని ఆమె అడిగేసరికి చెప్పులు కుట్టే తాత చేతిలోని ఆరె మొన బూటు తోలులో సగం దిగి ఉంది. ఆయన తలెత్తలేదు. కన్నం పెట్టడం పూర్తి చేసి, మైనం పూసిన దారం లాగి, అప్పుడు చూశాడు.

ఆమె చేతిలో ఉన్నది ఆయన పుస్తకమే. కొండ మీద దారులు, ఊటలు, పిట్టలు, ఏ రాయికి ఏ కథ ఉందో అన్నీ అందులో ఉన్నాయి. అట్ట నలిగింది. పేజీలు ఊడొస్తున్నాయి.

"నేనే," అన్నాడు.

పక్కనున్న పుస్తకాల కొట్టులోంచి అల్లుడు బయటికొచ్చాడు. ఆ పుస్తకం అచ్చు వేయించిందీ అమ్ముతున్నదీ అతనే.

"మా మావయ్య రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్పండీ. మిగతావన్నీ పుస్తకంలో పెట్టేశాడు. బూటుకంటిన మట్టి చూసి కొండ మీద ఏ దారిన తిరిగొచ్చారో చెప్పేస్తాడు. కావాలంటే మీ చెప్పులు చూపించండి."

ఆమె నవ్వలేదు. దుకాణం ముందున్న బల్ల మీద కూర్చుంది. కొండ దిగి వచ్చినవాళ్లు ఆ బల్ల మీదే బూట్లు విప్పి, కాళ్లు నొక్కుకుంటూ కబుర్లు చెప్పేవాళ్లు. దాని అంచు నున్నగా అరిగిపోయి ఉంది.

ఆమె పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఒక వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. 'చీలిన బండ దగ్గర ఎడమకి తిరిగితే నీలిగుండం.'

"ఇది మా తమ్ముడిది. మొత్తం కంఠతా వచ్చేసిందని గదిలో వదిలేసి వెళ్లాడు. పోయిన నెల, పొగమంచులో కొండెక్కాడు. దిగలేదు."

అల్లుడు చప్పుడు చెయ్యకుండా తన కొట్టులోకి వెళ్లిపోయాడు. తాత దారం కొస పళ్లతో కొరికాడు.

"గళ్ల చొక్కా," అన్నాడు. "కుడి బూటు అడుగు ఊడిపోతే నేనే కుట్టాను. నల్లదారం అయిపోయింది. తెల్లదారంతో కుట్టాను."

"వాడేమన్నాడు?"

"ఒక్కడివే వెళ్లకు బాబూ అన్నాను. పుస్తకం ఉందిగా తాతా అన్నాడు."

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది.

"వెతికినవాళ్లు గుండమంతా గాలించారు. చుట్టుపక్కలా చూశారు. ఏమీ దొరకలేదు. ఆ బండ దగ్గర బాణం గుర్తు ఉండేదట. పోయినేడు వరదలప్పటి వానలకి అదీ పోయిందట. వాళ్లకన్నా మీకు బాగా తెలుసు. రేపు నాతో రండి తాతగారూ."

"మోకాళ్లు సహకరించవమ్మా."

"మెల్లగానే ఎక్కుదాం."

"వానొచ్చేలా ఉంది."

వీధిలో ఎండ పేలిపోతోంది. ఆమె వీధి వంక చూసి మళ్లీ ఆయన వంక చూసింది.

"నీలిగుండం తనకి నచ్చినవాళ్లని పేరు పెట్టి పిలుస్తుందని రాశారు. మీకెప్పుడైనా వినిపించిందా?"

"లేదు."

"మా అమ్మ రాత్రిళ్లు తలుపు గడియ వెయ్యనివ్వడం లేదు. వాడొస్తాడని. ఉన్నాడో లేడో తేలితే గడియ వేసుకుంటాం. అంతే నేను అడిగేది."

తాత సూది డబ్బాలో పెట్టాడు. మళ్లీ తీశాడు.

"పొద్దున్నే రా," అన్నాడు.

ఇంట్లో ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే భార్య చూస్తూ ఊరుకోలేకపోయింది.

"నెల్నుంచీ ఇదే వరస. ఆ అబ్బాయి సంగతి మీకేమైనా తెలుసా?"

"తెలీదు."

"మరి ఆ పిల్లతో వెళ్లడానికి అంత ఆలోచనెందుకు? నలభై ఏళ్లుగా అడుగుతున్నా, నన్నొక్కసారి ఆ గుండానికి తీసుకెళ్లారా? మీ పుస్తకం కొన్న ప్రతివాడూ చూసొచ్చాడు, రాసినాయన పెళ్లాం తప్ప."

"ఏముందే అక్కడ. నీళ్లు."

"నీళ్లే అయితే భయమెందుకు?"

ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు తాత దుకాణం తెరవలేదు. బూట్ల తాళ్లు గట్టిగా బిగించుకుని ఆమెతో బయల్దేరాడు. ఆమెని ముందు నడవమని తాను వెనక నడిచాడు. ఆమె ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆయన ముఖంలోకి కాకుండా చేతుల వంక చూసింది.  పిట్టల కూత కిందే ఆగిపోయింది.

బండ నిలువునా రెండుగా చీలి ఉంది.

"ఎడమకే కదా?" అంటూ ఆమె తిరిగింది. మేకలు పోయే సన్నని జాడ ఒకటి తుప్పల్లోకి దూరి ఉంది. ఆమె తుప్పలు పక్కకి తోసింది.

"ఆగు తల్లీ," అని తాత ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

తుప్పల వెనక నేల లేదు. లోయ అడుగు కనిపించడం లేదు. అంచున ముళ్లకి ఒక బూటు తగులుకుని ఉంది. దాని అడుగున తెల్లదారం కుట్టు.

ఆమె కూలబడిపోయింది. తల తిప్పి బండకి కుడివైపు చూసింది.

"కుడివైపు అంత పెద్ద బాట ఉంది. ఎడమకి అని ఎందుకు రాశారు తాతగారూ?"

తాత కుడివైపు చూశాడు. జనం నడిచి నడిచి నునుపెక్కిన బాట. దాని నిండా ఎర్రమట్టి. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల బూట్ల నుంచి ఆయన గీకి పారబోసిన మట్టి అదే. ఆయన కొండ దిగేవాళ్లలా ఊరివైపు తిరిగి నిలబడ్డాడు. ఇప్పుడు గుండం దారి, బల్ల మీద కూర్చుని వాళ్లు చెప్పినట్టే, ఆయన ఎడమ చేతికి ఉంది.

ఆ కొండ ఆయన ఎక్కడం అదే మొదటిసారి.