మానలేదనే రాయండి

“నేను సిగరెట్లు మానలేదమ్మా. మానలేదనే రాయండి.”

ఆమె ఫైలు మీద నుంచి తలెత్తింది.

ఎదురుగా అరవై అయిదేళ్ళ మనిషి. ఉతికి ఆరేసిన చొక్కా, నున్నగా గీసిన గడ్డం. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ఆస్పత్రి రికార్డుల గదిలో ఆమె పని కోడింగ్. డాక్టరు రాసిన ప్రతి జబ్బుకీ సరైన అంకె తగిలించాలి. ఒక్క పొగాకుకే బోలెడు అంకెలు. సిగరెట్టుకొకటి, నమిలేవాళ్ళకొకటి, మానేసినవాళ్ళకి వేరే. ఆరేళ్ళలో ఆమె వేసిన అంకె తప్పని ఎవరూ అనలేదు.

“మానేశారనే కదా పిలిపించాను. మూడేళ్ళుగా ప్రతి గురువారం సిగరెట్లు మానిపించే క్లినిక్‌కి వస్తున్నారు. వచ్చినప్పుడల్లా ఊపిరిలో పొగ జాడ కొలిచే మిషన్ గొట్టంలోకి ఊదుతున్నారు. తాగేవాళ్ళు ఊదితే పదిహేను, ఇరవై చూపిస్తుంది. మీకు ఒక్కసారి కూడా రెండు దాటలేదు.”

“మిషన్ పాతబడిందేమో.”

“మీ పక్కవాళ్ళకి బాగానే పనిచేస్తోందిగా.”

ఆమె ఫైల్లో పేజీ తిప్పింది.

“రోజుకెన్ని తాగుతారు?”

“ఇరవై.”

“ఏదీ, వేళ్ళు చూపించండి.”

చూపించాడు. ఎక్కడా పసుపు మరక లేదు.

ఆమెకి మతిపోయింది. జబ్బు లేదని రాయమని బతిమాలేవాళ్ళని చాలామందినే చూసింది. ఉందని రాయమని బతిమాలే మనిషిని చూడటం ఇదే మొదలు.

“నిజం చెప్పండి పెద్దాయనా. అసలెప్పుడైనా తాగారా?”

ఎవరైనా వింటున్నారేమోనని ఆయన గుమ్మం వైపు చూశాడు.

“ఆ రాత అలా ఉండనివ్వండమ్మా. దానివల్ల ఎవరికేం నష్టం?”

“రికార్డులో అబద్ధం ఉండటమే నష్టం.”

ఆ మధ్యాహ్నమే ఆమె క్లినిక్ డాక్టరుకి ప్రశ్న పంపింది: ఈయనకి పొగతాగే అలవాటు ఉందనడానికి ఆధారం ఏమిటి?

“ఆయన చెప్పాడు, నేను రాశాను. అంతకుమించి ఏం లేదు,” అన్నాడు డాక్టరు. దిద్దుబాటు రాసి సంతకం పెట్టాడు.

కాగితం మీద జబ్బు పోయింది. దాంతోపాటే క్లినిక్‌లో కుర్చీ కూడా పోయింది. అలవాటు లేనివాళ్ళని అక్కడ కూర్చోనివ్వరు.

తర్వాతి గురువారం ఆయన వచ్చి బయట మెట్ల మీద కూర్చున్నాడు.

లోపల మాటలు జరుగుతుండగా ఒకతను విసురుగా బయటికొచ్చాడు. సిగరెట్టు కోసం జేబులు తడుముకుంటున్నాడు. పెద్దాయన లేచి, అతని భుజం మీద చెయ్యివేసి, ఆవరణ చుట్టూ నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ లోపలికి పంపాడు.

కిటికీలోంచి ఆమె అదంతా చూసింది. పనీపాటా లేని మనిషి అనుకుంది.

సాయంత్రం ఇంటికెళ్తూ మెట్ల దగ్గర ఆగింది.

“ఇక్కడ కూర్చోకూడదండీ. వచ్చేపోయేవాళ్ళకి అడ్డం.”

“అలాగేనమ్మా. గేటవతల కూర్చుంటాలెండి.”

కూర్చున్నాడు కూడా. ఎండైనా వానైనా, నాలుగు గురువారాలు.

అయిదో గురువారం క్లినిక్ నర్సు రొప్పుతూ రికార్డుల గదికి వచ్చింది.

“ఒక్కరూ రాలేదు. ముప్ఫై ఒక్కమందిలో ఒక్కరంటే ఒక్కరు.”

ఆమె వెళ్ళి చూసింది. గదినిండా ఖాళీ కుర్చీలు. ఆ ముప్ఫై ఒక్కమందిలో పంతొమ్మిదిమందికి మానేసినవాళ్ళ అంకె తన చేత్తోనే వేసింది. అందరూ మళ్ళీ మొదలుపెట్టేశారా?

పట్టికలో మొదటి పేరు ఒక బస్సు డ్రైవరుది. ఫోన్ చేసింది.

“ఆస్పత్రి రికార్డుల గది నుంచండీ. ఇవాళ రాలేదేం?”

“శ్మశానంలో ఉన్నాం మేడమ్. అందరం ఇక్కడే ఉన్నాం.”

“ఎవరు పోయారు?”

“బాబాయ్. మీ గేటవతల కూర్చునేవారే, ఆయన. నిన్న పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ అలాగే ఒరిగిపోయారు. గుండె ఆగిపోయిందన్నారు.”

ఆమె గేటు వైపు చూసింది.

“మీ సొంత బాబాయా?”

“చుట్టరికం ఏం లేదు. మా అందరికీ బాబాయే. మాలో ఒకడు నలభై నిండకుండానే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆ మర్నాటి నుంచీ ఆయన మా ఇళ్ళు వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టారు. నా దగ్గరికి పదకొండుసార్లు వచ్చారు మేడమ్. నోటికొచ్చినట్టు తిట్టాను. మొహం మీదే తలుపేశాను. పన్నెండోసారి, నువ్వు కూడా పక్కన కూర్చుంటానంటే వస్తానని వేళాకోళానికి అన్నాను. వెంటనే మీ క్లినిక్‌లో తన పేరు కూడా రాయించేసుకున్నారు. మిగతావాళ్ళనీ అలాగే ఒక్కొక్కణ్ణీ చెయ్యిపట్టుకుని లాక్కొచ్చారు.”

“ఆ పేరు తీయించింది నేనే.” ఆమె పట్టిక మూసేసింది. “ఆయనకసలు అలవాటే లేదని...”

“తెలుసు మేడమ్. జన్మలో ఒక్కటి ముట్టలేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.”

“మరి మీకోసం ఇంత పాటుపడటం దేనికి?”

అవతల ఎవరో వెక్కుతున్నారు. డ్రైవరు ఫోన్ పట్టుకుని పక్కకి నడిచినట్టున్నాడు. ఆ చప్పుడు దూరమైంది.

“మా స్కూలు గేటు ఎదురుగా కొట్టు ఆయనదే మేడమ్. పద్నాలుగేళ్ళ వయసులో, మాలో ప్రతి ఒక్కడికీ మొదటి సిగరెట్టు అమ్మింది ఆయనే.”