మా అమ్మాయి వచ్చే వేళ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు ఇద్దరే, తల్లీ కూతురూ. లాప్‌టాప్‌లో పాఠం చెబుతున్న పంతులమ్మను కూడా కలుపుకుంటే ముగ్గురు. కూతురు ఆస్పత్రిలో నర్సు. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళను ఎలా చూసుకోవాలో నర్సులకు ఆన్‌లైన్‌లో నేర్పుతున్నారు.

"వాళ్ళ మాట కాదనకండి. మిమ్మల్ని ఎవరనుకుంటే ఆ మనిషిగానే మాట్లాడండి," అంది పంతులమ్మ.

అంతలో తల్లి తన గది గుమ్మంలోకి వచ్చింది. చీర తడిసి కాళ్ళకు అంటుకుపోయింది.

"ఎవరమ్మా నువ్వు? నర్సువా?"

"నేనమ్మా, నీ..." అనబోయి కూతురు నాలుక కరుచుకుంది. "నర్సునండీ. చీర మార్చడానికి వచ్చాను."

తల్లి మొహం తేటపడింది. రోజూ పెనుగులాడే మనిషి, ఇవాళ గదిలో బుద్ధిగా నిలబడి చీర మార్పించుకుంది. ఈ పాఠమేదో ముందే విని ఉంటే ఎంత బాగుండేదని కూతురు పొంగిపోయింది.

"నీ చెయ్యి ఎంత మెత్తనమ్మా," అంది తల్లి. "ఆ తడిచీర ఎక్కడన్నా దాచెయ్యి."

"ఎందుకండీ?"

"మా అమ్మాయి చూస్తే ఊరుకోదు. మొన్న పక్క తడిపానని జబ్బ పట్టుకుని గుంజింది."

కూతురి చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "మీ అమ్మాయి... ఇంక అలా చెయ్యదులెండి."

"నీకేం తెలుసు, పరాయిదానివి." తల్లి వీధి తలుపు వైపు బెదురుగా చూసింది. తెలియకుండానే కూతురూ అటే చూసింది.

"అది వచ్చే వేళైంది. నువ్వు కనపడితే నీకూ మూడుతుంది. వెళ్ళు తల్లీ."

తల్లి ఆమెను మెల్లగా బయటికి నెట్టి, గది తలుపు మూసి లోపల గడియ పెట్టుకుంది.