గేటు లేని సరిహద్దు

"సైకిలు మీద దేశం దాటేవా?" గురునాథరావు నోట్లోంచి చుట్ట తీసి మరీ అడిగాడు.

"అవును మావయ్యా. పొద్దున్న హాలెండులో బయల్దేరి బెల్జియం ఎల్లేం. సాయంత్రానికి మళ్ళీ వచ్చేసేం. నలుగురు స్నేహితులం."

అరుగు మీద కూర్చున్న పక్కింటి నీలకంఠం కిసుక్కున నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? సైకిలు మీద పక్కనున్న పద్మనాభం ఊరు దాకా వెళ్ళొస్తేనే పిక్కలు పట్టేసి మర్నాడు సెలవు పెట్టే మనిషాయన. ఈ కొండలరావేమో షిప్‌యార్డులో వెల్డరు. ఓడల అడుగున ఇనప పలకలు అతికే పని. డెబ్భై ఎనిమిదిలో ట్రైనింగని మూణ్ణెల్లు హాలెండు పంపితే, బెల్‌బాటం ప్యాంటూ, చేతికో గడియారం, నోటి నిండా కోతలూ వేసుకుని విశాఖపట్నంలో దిగాడు. ఇప్పుడు గురునాథరావు కూతురు కనకరత్నాన్ని చేసుకుంటానని వచ్చి కూర్చున్నాడు. వరసకి బావే. పిల్లకీ ఇష్టమే. కానీ కోతలరాయుడికి పిల్లనిచ్చేది లేదని గురునాథరావు పట్టు.

గురునాథరావంటే మాటలా! ముప్పయ్యేళ్ళు ఓడ మీద చేసి, రిటైరై, కంచరపాలెంలో ఇల్లు కట్టుకున్నాడు. లండన్ చలి గురించైనా, జపాన్ భోజనం గురించైనా ఆ వీధిలో ఆయన మాటే ఆఖరు. అలాంటి మనిషి దగ్గర కోతలు కొయ్యడానికి ఎంత పొగరుండాలి!

"సర్లే. రోడ్డెలాగుంది?"

"సైకిళ్ళకి వేరే రోడ్డుంటది మావయ్యా. లారీలు దాని మీదకి రావు."

"ఇన్నావా నీలకంఠం? సైకిళ్ళకి వేరే రోడ్డంట! గేదెలకి ఇంకోటి ఏసేరేటి?"

నీలకంఠం పొట్ట పట్టుకున్నాడు. కొండలరావు మాత్రం ఆపలేదు. అక్కడ కొండలే లేవట, నేలంతా చదునేనట, ఎదురుగాలి మాత్రం ప్రాణాలు తోడేసిందట. మధ్యాహ్నం నలుగురూ కాలవ గట్టున కూర్చుని రొట్టెముక్కలు తిన్నారట. వినేవాళ్ళుంటే సరి.

"మరి బోర్డరు?" గురునాథరావు ముందుకి వంగాడు.

"గేటు నేదు. ఊరి మధ్యలో ఓ రాయుంది, అంతే. రాయికి ఇటు హాలెండు, అటు బెల్జియం. పోలీసోడు మా వేపు సూడనైనా సూళ్ళేదు."

"ఓర్నాయనో!" అన్నాడు నీలకంఠం. "బెల్లం బళ్ళకే మన కాడ చెక్‌పోస్టుంటే, రెండు దేశాలకి గేటు నేదా?"

గురునాథరావు తొడ చరిచాడు. "ఒరే, ఆ బోర్డరు నాను సూసేన్రా. ఇనప గేటు, తాటిచెట్టంత! ఇటు నలుగురు, అటు నలుగురు, సేతుల్లో తుపాకీలు. మా ఓడ ఆ గేటు పక్కనే కట్టేరు. నా కళ్ళతో సూసేను!"

కొండలరావు తల వంచుకుని చేతి గడియారం సర్దుకున్నాడు. దొరికిపోయినవాడు ఇంకేం చేస్తాడు?

గురునాథరావు భార్య కాంతం కాఫీ గ్లాసులు తెచ్చింది. "ఏటనుకోకు బాబూ. మీ మావయ్యకి అబద్ధం పడదు. ముప్పయ్యేళ్ళు ఓడ మీద సేసినా తాగుడు నేదు, తిరుగుడు నేదు. రోజూ ఆ బట్టల బురద వదిలించలేక నా రెక్కలు పడిపోయేయి గానీ, మనిషి బంగారం."

"ఒకటే మాట," అన్నాడా బంగారం. "ఇదంతా కోతేనని నీలకంఠం ముందు ఒప్పుకో. ముహూర్తం ఎట్టించేత్తాను. నేదంటావా, ఆ బెల్జియంలోనే ఓ పిల్లని ఎతుక్కుని సేసుకో."

కొండలరావు చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. తలుపు వెనక కనకరత్నం పైట చెంగు కొరుకుతోంది. అటు చూసి, జేబు మీంచి చెయ్యి తీసేశాడు.

"కోతే మావయ్యా. నాను గదిలోంచి కదల్నేదు. బోర్డరు ఎలాగుంటదో మీరు సెప్పేకే తెలిసింది."

"అద్గదీ! నా కాడా నీ ఏసాలు!" గురునాథరావు గొంతు రైలు గేటు దాకా వినిపించింది. నీలకంఠం కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. సిగ్గున్నవాడైతే కాఫీ ముట్టకుండా లేచిపోయేవాడు. ఇతను గ్లాసు ఖాళీ చేసి మరీ లేచాడు.

సందులో సైకిలు తీస్తుంటే కనకరత్నం వెనకాలే వచ్చింది.

"ఫొటో తెత్తానన్నావు కదా బావా, తేనేదా?"

కొండలరావు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఊరి నడుమ రాయి. చుట్టూ నాలుగు సైకిళ్ళు. రాయికి అటొక కాలూ ఇటొక కాలూ వేసి పళ్ళికిలిస్తున్న కొండలరావు. రాయికి ఒక పక్క ఒక దేశం పేరు, రెండో పక్క రెండో పేరు.

కనకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. "ఇది జేబులో ఎట్టుకుని కోతలోడివనిపించుకున్నావా? ఆ నీలకంఠం బాబాయి రేపటికి ఊరంతా సాటేత్తాడు! ఇది సూపిత్తే మా నాన్న నోరు మూసుకునేవోడు కదా!"

అరుగు మీద గురునాథరావు రెండు చేతులూ పైకెత్తి నీలకంఠానికి ఆ గేటు ఎత్తు చూపిస్తున్నాడు.

"మీ నాన్న పన్జేసిన ఓడకి పోయిన్నెల్లో అడుగు పలకలేసింది నానే, కనకం," అన్నాడు కొండలరావు నెమ్మదిగా.

కనకరత్నం ముఖం పాలిపోయింది. ఫొటో తిరిగి అతని జేబులో పెట్టేసింది.

"ఎవురికీ సెప్పకు బావా," అంది.

ఆ ఓడ హార్బరు కాలవ దాటకుండా బురద తోడే డ్రెడ్జరు.